ఎర్ర రిబ్బన్ల దారి

తనకు గుండె జబ్బు ఉందన్న సంగతి మేరీరాణికి సోమవారం పొద్దున్న ఐదూ నలభైకి, వీధి కుళాయి కింద రెండో బిందె నిండుతుండగా, ఫోనులో వచ్చిన ఉత్తరం చదివాక తెలిసింది.

ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. మందు డబ్బా మీది రాత చదివినంత నెమ్మదిగా రెండుసార్లు చదివింది. మీరు ఇచ్చిన వైద్య పరీక్షల కాగితం ప్రకారం మీ గుండెకు రక్తం అందించే నాళాల్లో అడ్డంకి ఉన్నట్టు అనుమానం. అందుచేత మిమ్మల్ని ఎరుపు దారి నుంచి తీసి ఆకుపచ్చ దారిలో వేస్తున్నాం. మీ క్షేమమే మాకు ముఖ్యం.

“అరే దీదీ, బాల్టీ హటాఓ!” బిందె తియ్యమని వెనక వరసలోంచి ఎవరో అరిచారు. బిందె పొర్లి, నీళ్లు ఆమె పాదాల మీదుగా మురిక్కాలవలోకి పోతున్నాయి.

ఒక బిందె చంకన, ఇంకోటి చేత్తో పట్టుకుని మూడో అంతస్తుకి బయల్దేరింది. రోజూ ఆ మెట్లు ఎక్కుతున్నట్టే తెలిసేది కాదు. ఆ పొద్దున్న నలభై ఎనిమిదీ లెక్కపెట్టింది. మలుపు మలుపు దగ్గరా ఆగి లోపలికి చెవి పెట్టింది. గుండె కొట్టుకుంటోంది. ఎప్పటిలాగేనా, వేరేగానా? ఎప్పుడైనా వింటే గదా తెలిసేది. అత్తగారి దగ్గు వినేది, మొగుడు మనోహర్ చెప్పుల చప్పుడు బట్టి అతని కోపం ఎంతో చెప్పగలిగేది. తన లోపల ఏమి చప్పుడవుతోందో ముప్పై తొమ్మిదేళ్లలో ఒక్కసారీ వినలేదు.

ఉత్తరం రాసింది ఒక పరుగు పందెం వాళ్లు. ఆ పరుగు సంగతి చెప్పాలి. కలిమ్‌పాంగ్ కొండల కింద, తీస్తాలో కలిసే ఒక చిన్న నది ఉంది. కొండని కోసుకుంటూ పోతుంది. ఆ ఇరుకు లోయలో ఏటా ఫిబ్రవరిలో పరుగు పెడతారు. దారులు మూడు. చెట్లకి కట్టిన రిబ్బను రంగే గుర్తు. ఆకుపచ్చ ఎనిమిది కిలోమీటర్లు. నది ఒడ్డునే చదునుగా పోతుంది. పిల్లలు, ముసలివాళ్లు, ఫొటోలు దిగేవాళ్లు దానిలో నడుస్తారు. నీలం పద్దెనిమిది. ఒక పక్క కొండెక్కి, వేలాడే వంతెన మీద నది దాటి, అవతలి పక్క దిగాలి. ఎరుపు ముప్పై రెండు. మూడుసార్లు నదిలోకి దిగి మూడుసార్లు పైకెక్కాలి. ఒకచోట రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకట. అక్కడ నడుం లోతు నీళ్లలో తాడు పట్టుకుని పోవాలి.

పోయినేడాది మొగుడూ పెళ్లాలిద్దరూ ఆకుపచ్చలో నడిచారు. దారులు చీలే చోట మేరీరాణి నిలబడిపోయింది. ఎర్ర రిబ్బన్లు ఒకదాని వెనక ఒకటి రాళ్ల మీదుగా కిందికి దిగి, ఒక నల్లరాయి మలుపు దగ్గర కనబడకుండా పోయాయి. లోపల్నుంచి నీళ్ల హోరు. ఆ రాయి వెనక ఏముందో చూడాలి. అంతే. పెళ్లయ్యాక ఆమెకి తనకోసం ఏదైనా కావాలనిపించడం అదే మొదలు. ఇంటికొచ్చి చేపలు తోముతున్నా ఆ మలుపే, తాముండే మెటియాబ్రుజ్ పేటలో మేడలెక్కుతున్నా ఆ మలుపే.

మేడలెక్కడమే ఆమె ఉద్యోగం. మునిసిపాలిటీ డెంగీ పని. ఇంటింటికీ పోయి, డాబాల మీద తొట్లలో, పాత టైర్లలో నీళ్లు నిలిచాయేమో చూడాలి. దర్జీల కార్ఖానాలున్న ఐదంతస్తుల మేడలు, రోజుకి ఇరవై. తలుపు తీసినవాడు ముఖం చూడకుండా, “ఛాదే కిఛు నేయీ, జాన్!” అంటాడు. పైన ఏమీ లేదు, పొమ్మని. ఆమె వినకుండా ఎక్కుతుంది. అలా తొమ్మిదేళ్లు ఎక్కిన కాళ్లని ఒక ఆదివారం మనోహర్ తన పరుగు జట్టులోకి తీసుకెళ్లాడు. బూట్లు అతనే కొన్నాడు. “మా ఆవిణ్ణి పరుగులోకి దింపింది నానే,” అని అందరికీ చెప్పుకున్నాడు.

ఎరుపులో చేరాలంటే ఇరవై ఒక్క కిలోమీటర్లు రెండుంపావు గంటల్లో పరిగెత్తి చూపించాలి. నవంబరులో బడ్జ్ బడ్జ్ వైపు ఏటిగట్టు రోడ్డు మీద పరీక్ష పెట్టారు. మేరీరాణికి రెండు గంటల ఆరు నిమిషాలు పట్టింది. మనోహర్‌కి రెండున్నర దాటింది. వస్తూనే నవ్వాడు. ఆమెకి కొబ్బరిబోండం కొట్టించి ఇచ్చాడు. “నాకు నీలం సాల్లే. నువ్వు ఎరుపులో నా పేరు నిలబెట్టు.” జట్టంతా చప్పట్లు కొట్టింది. తిరుగు బస్సులో మాత్రం అతను ముఖం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఇంటికొచ్చి, పులుసులో ఉప్పెక్కువైందన్నాడు. ఎక్కువవలేదు. మేరీరాణి రుచి చూసింది.

ఇక సోమవారం.

మనోహర్ కిటికీ దగ్గర గడ్డం గీసుకుంటున్నాడు. ఓడరేవు డాక్‌లో క్రేన్ మెకానిక్కు, ఏడింటికల్లా బయల్దేరాలి. ఆమె ఫోను అతని ముందు పెట్టింది. ముఖం మీది సబ్బు ఎండిపోయేదాకా చదివాడు.

“పరుగోళ్లు అడిగిన పరీక్షల రిపోర్టులు, మనిద్దరివీ, నువ్వే గదా తెచ్చినావు?” అంది.

“కవర్లు అతికించి ఇచ్చినారు మేరీ. అలాగే జట్టోళ్లకి ఇచ్చీసినాను. రెండ్రోజులు ఈ బల్ల మీదే ఉన్నాయి గదా, నువ్వూ సూసినావు. నాకేటి తెలుసు?” అని, గొంతు తగ్గించి అడిగాడు. “నీకు ఎడం సెయ్యి లాగుతాదా? మెట్లెక్కితే ఇక్కడ, ఈ ఎముక కింద, ఎవలో బరువెట్టినట్టుంటాదా? తెల్లారగట్ల సెమట పడతాదా?”

పదహారేళ్ల కాపురంలో టీ ఏదని అడిగాడు, చొక్కా ఏదని అడిగాడు, నీకేటైనా అవుతాందా అని అడగలేదు. ఇంత వివరంగా అడగ్గలడని కూడా ఆమెకి తెలియదు.

“పోనీలే. ఆకుపచ్చలోనే నడువు. గుండె యవ్వారం గదా,” అని లేచి, తనే టీ పెట్టాడు. పంచదార మరిచిపోయాడు. మేరీరాణి ఆ చప్పిడి టీ చుక్క మిగల్చకుండా తాగింది.

ఆ రోజు మూడో మేడ మీద ఆమె ఎడం చెయ్యి లాగింది. రోజూ బిందె మోసే చెయ్యి, రోజూ లాగుతూనే ఉండేదేమో. నాలుగో మేడ మీద ఎముక కింద బరువు. ఎవరో పెట్టారా, తనే పెట్టుకుందా? డాబా మీద చతికిలపడి హుగ్లీ నది వైపు చూసింది. అవతల షాలిమార్ పట్టాల మీద గూడ్సుబండి నిలబడి ఉంది. కదులుతోందా, కదలట్లేదా అని చాలాసేపు తేల్చుకోలేకపోయింది. తన సంగతీ అంతే. జబ్బుంటే నవంబరులో అంత దూరం ఎలా పరిగెత్తింది? లేకపోతే కాగితం మీద పేరు ఎలా వచ్చింది? కాగితం అబద్ధం చెబుతుందా? తన పేరు, ముద్ర, డాక్టరు సంతకం. ఒళ్లు చెప్పేదాని కన్న కాగితం చెప్పేదే నిజమని కదా లోకమంతా నడుస్తోంది.

మర్నాడు సాయంత్రం చర్చి స్త్రీల సమాజం పెద్ద రోజారాణి బత్తాయిలు పట్టుకుని వచ్చింది.

“ఒలమ్మ, నువ్వు లేవకు, లేవకు! కూకో!” అంటూ తనే మంచం మీద కూలబడింది. “మూడు శుక్రవారాలై నీ గుండె కోసం ఉపాసం ఉంటన్నాం. నాకైతే రెండోవారం కళ్లు తిరిగీసినాయి. అయినా మానలేదు, నీకోసమని.”

“మూడు శుక్రవారాలా అక్కా?”

“మరేటి! పాస్టరు అయ్యగారు పెట్టెలోని సీటీ సదివిన కాడి నుంచీ. నీకు సెప్పకూడదన్నారు. తెలిస్తే బయపడిపోతావని. ఇప్పుడు నీకే తెలిసిపోనాది గదా.”

మేరీరాణి చేతిలో బత్తాయి అలాగే ఉండిపోయింది. ఉత్తరం వచ్చింది నిన్న. అతికించిన కవర్లలో ఏముందో ఎవరికీ తెలియదన్నాడు మొగుడు. మరి మూడు వారాల క్రితమే తన గుండె సంగతి ఎవరికి తెలుసు?

“సీటీ ఎవలు రాసినారు?”

“దానికి పేరుంటాదేటి? పెట్టెలో ఏస్తారు. ఎవలికోసం సెయ్యాలో ఆ పేరే ఉంటాది, రాసినోళ్ల పేరు ఉండదు.”

వాళ్ల చర్చిలో అది తాతల నాటి ఆచారం. గుమ్మం పక్కన చెక్క విన్నపాల పెట్టె. తాగుబోతు మొగుడి కోసం పెళ్లాం, దొంగ కొడుకు కోసం తండ్రి, సిగ్గుపడకుండా అడుక్కోవాలని పెట్టింది. అడిగినవాళ్లు ఎవరో అయ్యగారికి కూడా తెలియకూడదు.

రోజారాణి మెట్లు దిగిపోగానే మేరీరాణి వంటింట్లోకి వెళ్లి అత్తగారి ఎదురుగా నిలబడింది. అప్పాయమ్మ ఈ పరుగు మొదలైనప్పట్నుంచీ నిప్పులు కక్కుతోంది. ఆదివారం ఆరాధన మానీసి కొండలెక్కడానికి పోతావేటే, నిక్కర్లేసుకుని పోతావేటే, మా కాలంలో ఊడుపు పనికి పోయినం గానీ ఊరికే పరిగెట్టినమేటే. ఆ రెండ్రోజులూ కవర్లు బల్ల మీద ఉన్నప్పుడు ఇంట్లో ఉన్నది ఆవిడే.

“అత్తా, నా రిపోర్టు నువ్వు ముట్టుకున్నావా? పెట్టెలో సీటీ ఏసినావా?”

అప్పాయమ్మ బియ్యంలో రాళ్లేరడం ఆపలేదు. “నాకు సదువొస్తే నీ కొంపలో బియ్యం ఏరుకుంటానేటే? నీకు గుండె జబ్బంటే నానే నమ్మలేదు. జబ్బు రావాలంటే ముందు గుండె ఉండాల గదా.” ఇంకో రాయి ఏరి పారేసి, తలెత్తకుండానే, “రేపు కుళాయి కాడికి నాను పోతాన్లే,” అంది.

నిజంగానే పోయింది. సగం బిందె తెచ్చి, మెట్ల మీద సగం ఒలకబోసి, గుమ్మంలో కూర్చుని రొప్పింది. ఆ సగంలో సగం నీళ్లు చూసి మేరీరాణికి ఏడుపొచ్చింది. జబ్బు మనిషికి దొరికే మర్యాద ఇంత బాగుంటుందా? మొగుడు టీ పెడతాడు, అత్త నీళ్లు మోస్తుంది, చర్చి ఉపవాసం ఉంటుంది. పోనీ జబ్బు ఉంటేనే నయమేమో. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే భయమేసింది. ఇంకొక్క రోజు ఇలాగే ఉంటే ఆకుపచ్చ రిబ్బను పట్టుకుని, పెద్దల వెనక చిన్నగా నడిచి, ఫొటో దిగి వచ్చేస్తుంది. నల్లరాయి మలుపు సంగతి ఎవరికీ చెప్పకుండానే ఉండిపోతుంది.

బుధవారం పని మధ్యలో వార్డు ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. తొమ్మిదేళ్లుగా డెంగీ కాగితాలు ఇచ్చే చోటే. తనకోసం వెళ్లడం మొదటిసారి. డాక్టరమ్మ అక్కడే ఈసీజీ తీసింది, అది చాలక పెద్దాసుపత్రికి రాసి పంపింది. అక్కడ కదిలే పట్టా మీద పరిగెత్తించారు. ఛాతీ నిండా వైర్లతో, చీర విప్పి ఆసుపత్రి గౌను తొడుక్కుని, ఉన్నచోటే పన్నెండు నిమిషాలు పరిగెత్తింది. గోడకి తప్ప ఎటూ చూడ్డానికి లేదు. గోడ మీద నల్లటి చెమ్మ మచ్చ ఉంది. దాన్నే నల్లరాయి అనుకుంది.

“ఎవరు చెప్పారమ్మా మీకు జబ్బని?” అక్కడి డాక్టరు కాగితం తిరగేసి చూశాడు. “విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి యాభై నాలుగు. నా గుండెకి బదులు ఇది ఇస్తానంటే ఇప్పుడే పుచ్చుకుంటాను.”

సాయంత్రానికి కొత్త కాగితం పరుగు వాళ్లకి పంపింది. జవాబు అరగంటలో వచ్చింది. ఎరుపు దారి, నంబరు నూటపదిహేడు. సంతోషం వస్తుందని కూర్చుని ఎదురుచూసింది. రాలేదు. కాగితం మార్చింది ఎవరో తేలలేదు. ఈ ఇంట్లో, ఈ చర్చిలో, తన పేరు తీసుకుని ఎవరో ఏదో చేశారు. ఎవరి ముఖం చూసినా అదే ప్రశ్న. మనోహర్‌కి చెప్పబోయింది. అతను ఆ రోజు డాక్ నుంచి వచ్చి మెట్ల మలుపులో బూటు లేసు కట్టుకుంటూ కూర్చున్నాడు. ఇంట్లోకి వచ్చేవాడు లేసు ఎందుకు కట్టుకుంటాడు? అడుగుదామనుకుని, అలసిపోయాడులే అని ఊరుకుంది.

గురువారం ఏడింటికి వాళ్లింట్లో గృహ కూడిక. మేరీరాణి గుండె కోసం ప్రత్యేక ప్రార్థన. వచ్చేవాళ్లకి కింది గోడౌనులోంచి ఇరవై రెండు కుర్చీలు మూడో అంతస్తుకి మేరీరాణే మోసింది. టీ కాచింది, సమోసాలు వేయించింది. “అబ్బే, గుండె మనిషివి, నువ్వు కూకో,” అని ప్రతివాళ్లూ అన్నారు. అన్నవాళ్లంతా కూర్చున్నారు.

పాటలయ్యాయి. ఆనందరావు అయ్యగారు కళ్లద్దాలు సవరించుకుని, “సహోదరి మేరీరాణి రెండు మాటలు సాక్ష్యం చెప్పాలి,” అన్నారు.

ఆమె లేచింది. చేతిలో కాగితం మడత విప్పింది. “నిన్న పరీక్ష సేయించుకున్నాను. నా గుండెకి ఏ జబ్బూ లేదు.”

రోజారాణి కుర్చీ కిందపడేలా లేచింది. “స్తోత్రం! మూడే శుక్రవారాలు! మూడే!” గంజిర మోగింది. ఎవరో ఏడ్చారు. అప్పాయమ్మ వచ్చి కోడల్ని పట్టుకుని ఊపేసింది. అయ్యగారు కాగితం అందుకుని, పైకెత్తి అందరికీ చూపించారు. అద్భుతం, అద్భుతం.

“జబ్బు పోలేదండీ. అసలు లేనే లేదు,” అంది మేరీరాణి.

“అలా అనకూడదు సహోదరీ. దేవుడు చేసిన మేలుని చిన్నబుచ్చకూడదు.”

“ఎవలో నా పేరు మీద అబద్దం రాసినారు!”

పాట అందుకున్నారు. ఆమె మాట చప్పట్లలో కలిసిపోయింది. సోమవారం ఉందన్నారు. బుధవారం లేదన్నారు. ఇప్పుడు ఉండి పోయిందంటున్నారు. అందరికీ తెలుసు ఆమె గుండె సంగతి. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ఆమెకి కూడా నిశ్చయం తప్పింది. ఉండి పోయిందేమో? తర్వాత ఆ పన్నెండు నిమిషాలు గుర్తొచ్చాయి. కుర్చీలు మోసిన మెట్లు గుర్తొచ్చాయి. వేలు మణికట్టు మీద పెట్టి చూసుకుంది. తాపీగా కొట్టుకుంటోంది. ఎవరి ఉపవాసంతోనూ దానికి పని లేదు.

“ఆపండి!” అంది. డాబాల మీంచి కిందికి అరిచే గొంతు అది. పాట తెగింది. “రేపు సాయంత్రం సియాల్దాలో రైలెక్కుతాను. ఎర్ర దారిలో పరిగెడతాను. నా నంబరు నూటపదిహేడు. నాకోసం ఎవలూ ఉపాసాలు ఉండొద్దు. నా గుండె గురించి నన్ను అడగండి, నాను సెప్తాను.”

గుమ్మం దగ్గర కుర్చీ కిర్రుమంది. మనోహర్ లేస్తున్నాడు. ఒక చెయ్యి తలుపు చట్రానికి ఆనించాడు. ఫిబ్రవరి సాయంత్రం, ముఖమంతా చెమట. రెండో చెయ్యి ఛాతీ మీద ఉంది. ఎముక కింద. సోమవారం అతను ఆమెకి చూపించింది సరిగ్గా ఆ చోటే.

మేరీరాణి చేతిలోని టీ పళ్లెం బల్ల మీద పెట్టింది.

“అయ్యగారూ, సాక్ష్యం నాను సెప్పాల,” అన్నాడు మనోహర్. “పెట్టెలో సీటీ ఏసింది నానే. ఆ రిపోర్టు మేరీది కాదు, నాది. జిరాక్సు కొట్టోడి సేత పైనున్న పేరూ వయసూ మార్పించినాను. దాని మంచి రిపోర్టు నా పేరెట్టి పంపినాను. మూడు శుక్రవారాలు మీరంతా మేరీ గుండె బాగవ్వాల అంటంటే, నాను లోపల నా గుండె, నా గుండె అనుకుంటా ఆమెన్ అన్నాను. డాక్‌లో తెలిస్తే క్రేన్ ఎక్కనివ్వరని బయం. అదొక్కటే అయితే ఏదో సాకు సెప్పి పరుగు మానీసీవోణ్ణి. కానీ మేరీ, ఆ రోజు బడ్జ్ బడ్జ్ రోడ్డు మీద నువ్వు నన్ను దాటీసి పోతంటే నీ ఈపు తప్ప నాకేటీ అవుపించలేదు. అందరూ సప్పట్లు కొట్టినారని నానూ నవ్వినాను. నిన్ను ఆకుపచ్చలోకి దింపీస్తే నీలం పైనుంటాది గదా అనుకున్నాను. సచ్చిపోతానేమోనని బయమేసినాది. నీకన్న తక్కువైపోతానని అంతకన్న బయమేసినాది. నీ పేరు రాయించినప్పుడు సెయ్యి వణకలేదే మేరీ, అబద్దమాడను. నీళ్లు నువ్వే మోస్తన్నావు, మాయమ్మని నువ్వే మోస్తన్నావు, ఇల్లంతా నువ్వే మోస్తన్నావు. ఇది కూడా నీ మీద ఏసీస్తే ఏటవుద్దిలే అనుకున్నాను.”